వలకు తట్టిన డాల్ఫిన్, సైన్సుకు చిక్కిన డాల్ఫిన్: గంజాం తీరం తెలుగువాళ్ళ ప్రశ్నలు

ఒడిశా తీరంలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనపూర్ మొదలుకుని పూరీ పెంటకోట దాకా సముద్రం మీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫారెస్టు వాళ్ళ నోటీసు ఒడియాలో వస్తుంది, పరిశోధన పేపరు ఇంగ్లీషులో వస్తుంది. ఈ రెండింటి మధ్య మన ఇళ్ళలో తిరిగే ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. పడవ వాళ్ళు, బరంపురం కాలేజీ పిల్లలు, చిలికా చూసొచ్చిన చుట్టాలు అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నిటికి చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది.

మన వైపు నీళ్ళలో ఉండే సముద్ర క్షీరదాలు ఏవి?

చిలికాలో ఉన్నది ఇరవాడీ డాల్ఫిన్. గుండ్రటి తల, ముందుకు పొడుచుకొచ్చే మూతి ఉండదు. ఒడ్డుకు దగ్గరి సముద్రంలో మూపురం డాల్ఫిన్లు, ఇంకాస్త లోపలికి వెళ్తే బాటిల్‌నోస్, గాల్లోకి ఎగిరి గిరగిర తిరిగే స్పిన్నర్ డాల్ఫిన్లు కనిపిస్తాయి. వీపు మీద రెక్క లేని చిన్న పోర్పస్ (డాల్ఫిన్‌కు చుట్టం లాంటి జంతువు) కూడా ఉంది. తిమింగలాలు లోపలి నీళ్ళలో ఉంటాయి. వాటి శవాలు అప్పుడప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడే మనకు తెలుస్తుంది.

ఇవన్నీ మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి, పిల్లకు పాలిస్తాయి. తాబేలు, వేల్ షార్క్ ఈ లెక్కలోకి రావు. తాబేలు సరీసృపం, వేల్ షార్క్ చేప.

ఇరవాడీ అనే పేరు బర్మా నదిది. కానీ శాస్త్రవేత్తలు ఈ జాతిని మొదట గుర్తించింది మన విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన ఒక డాల్ఫిన్‌ను బట్టి. దాన్ని 1866లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ వర్ణించాడు. గంజాం, విశాఖ రెండూ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి దీన్ని మన డాల్ఫిన్ అనుకున్నా ఎవరూ కాదనలేరు.

చిలికాలో ఎన్ని మిగిలాయి?

ఇటీవలి గణనల్లో 150కి అటూ ఇటూ తేలుతోంది. సరస్సు చూస్తే వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇంత పెద్ద నీటిలో ఒక పెళ్ళి భోజనాల పంక్తికి సరిపడే సంఖ్య అది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని 2017 నుంచి 'అంతరించే ప్రమాదం ఉన్న' జాబితాలో ఉంచింది.

మంచి వార్త కూడా ఒకటి ఉంది. పూడిక వల్ల ఉప్పునీరు రావడం తగ్గి చిలికా చచ్చిపోతున్న రోజుల్లో, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు తిరిగొచ్చాయి. తర్వాత రొయ్యల ఘేరీలు (రొయ్యల పెంపకానికి సరస్సులో చుట్టూ కట్టిన ఆవరణలు) తొలగించడంతో డాల్ఫిన్లకు తిరిగే చోటు పెరిగింది. చిలికా విషయంలో సర్కారును మెచ్చుకోవాల్సి వస్తే ఈ రెండు పనులకు మెచ్చుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ముప్పు ఏది? కాలుష్యమా, ఓడలా, ప్లాస్టిక్కా?

వల. ముఖ్యంగా నైలాన్ గిల్ వల, అంటే చేప మొప్పలు ఇరుక్కునే వల. టీవీలో ప్లాస్టిక్ మింగిన తిమింగలాన్ని చూపిస్తారు కాబట్టి జనం ప్లాస్టిక్ అనుకుంటారు. అది తక్కువ ప్రమాదమని కాదు గానీ, లెక్కలో వలకు దగ్గరికి రాదు. ప్రపంచం మొత్తం మీద వలల్లో ఏటా మూడు లక్షలకు పైగా డాల్ఫిన్లు, తిమింగలాలు, పోర్పస్‌లు చనిపోతాయన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. హిందూ మహాసముద్రంలో ఒక్క ట్యూనా గిల్ వలల్లోనే 1950 నుంచి 2018 దాకా 40 లక్షలకు పైగా డాల్ఫిన్లు, పోర్పస్‌ల వంటి చిన్న సముద్ర క్షీరదాలు పట్టుబడి ఉంటాయని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

డాల్ఫిన్ శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో తెలుసుకుంటుంది. సన్నటి నైలాన్ దారం నుంచి ప్రతిధ్వని సరిగా రాదు. చేప వెనక పడి వస్తూ వలలో చిక్కుకుంటుంది. పైకొచ్చి ఊపిరి తీసుకోలేక కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. అంటే చేప చచ్చినట్టు కాదు, మనిషి నీళ్ళలో మునిగి చచ్చినట్టు చస్తుంది.

అయితే తప్పంతా మాదేనా? తరతరాలుగా వేట చేస్తున్నాం, అప్పుడు ఎందుకు అంతరించలేదు?

ఈ ప్రశ్న కోపంతో వస్తుంది. కోపంలో న్యాయం ఉంది.

తాతల కాలంలో నూలు వలలు, జనపనార తాళ్ళు. అవి లావుగా ఉండేవి, నానితే బరువెక్కేవి, చిరిగి పడేస్తే కుళ్ళిపోయేవి. తెప్ప మీద వెళ్ళినవాడు ఎంత పెద్ద వల మోసుకెళ్ళగలడు? నైలాన్, ఔట్‌బోర్డ్ ఇంజన్, ఫైబర్ పడవ వచ్చాక వల పొడవు పెరిగింది, రాత్రంతా నీళ్ళలో ఉంచడం మొదలైంది. ఇవేవీ మత్స్యకారుడు తనంతట తాను కనిపెట్టినవి కావు. 1950ల నుంచి సర్కారు పథకాలు, సబ్సిడీలు, ఎగుమతి వ్యాపారం కలిసి ఈ దారిలో నడిపించాయి. ఇప్పుడు చేపలు తగ్గాయి కాబట్టి ఇంకా పొడుగు వల వెయ్యక తప్పని పరిస్థితి. డాల్ఫిన్ కావాలని ఎవరూ వల వెయ్యరు. అది పడితే వల చిరుగుతుంది, చేప పోతుంది, ఇంటికొచ్చాక కేసు టెన్షన్.

కాబట్టి వల చంపుతోందనడం వేరు, వల పట్టుకున్నవాడు హంతకుడనడం వేరు. సిటీ నుంచి వచ్చి మాట్లాడే చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. చిలికా జాలర్లను అడిగి చూడండి. డాల్ఫిన్ దగ్గరలో వేటాడుతుంటే పాతిన వలల్లోకి చేప ఎక్కువ వస్తుందని వాళ్ళ నమ్మకం. పరిశోధకులు దీన్ని పరిశీలించి, అది ఉత్త నమ్మకం కాదనే చెప్పారు. డాల్ఫిన్‌తో పేచీ లేని జాలరిని ముద్దాయిని చేసి మాట్లాడితే రేపు వలలో పడినదాన్ని ఎవరికీ చెప్పడు. దాచేస్తాడు.

ఏడాదికి ఒకటో రెండో చస్తే జాతికి ఏమవుతుంది?

చేప లక్షల గుడ్లు పెడుతుంది. ఇరవాడీ డాల్ఫిన్ దాదాపు 14 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. మళ్ళీ కనడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. పరిస్థితులన్నీ అనుకూలించినా డాల్ఫిన్ల గుంపు ఏడాదికి నూటికి నాలుగు కంటే ఎక్కువ పెరగదని శాస్త్రవేత్తలు మామూలుగా తీసుకునే లెక్క.

అమెరికా చట్టంలో ఒక సూత్రం ఉంది. ఉన్న సంఖ్యను ఆ పెరుగుదలలో సగంతో గుణించి, ప్రమాదంలో ఉన్న జాతి అయితే అందులో పదో వంతు తీసుకోవాలి. మనుషుల చేతుల్లో అంతకు మించి చావకూడదు. చిలికాకు వేసి చూద్దాం. 150లో నూటికి రెండు చొప్పున 3. అందులో పదో వంతు 0.3. అంటే మూడేళ్ళకు ఒక్కటి. ఇది నేను కాగితం మీద వేసిన లెక్క మాత్రమే, సర్కారు పెట్టిన పరిమితి కాదు. కానీ 'ఒకటో రెండో' అన్న మాట ఎంత పెద్దదో దీనితో తెలుస్తుంది.

చైనా యాంగ్జీ నదిలో బైజీ అనే డాల్ఫిన్ ఉండేది. 2006లో నదంతా వెతికితే ఒక్కటి కూడా కనిపించలేదు. దాన్నెవరూ పగబట్టి చంపలేదు. వలలు, గాలపు తాళ్ళు, ఓడలు, ఆనకట్టలు కలిసి ఆ పని పూర్తి చేశాయి.

టూరిస్టు పడవల వల్ల నష్టం ఉందా? చూడ్డానికే కదా వెళ్తాం?

చిలికాలో డాల్ఫిన్లు చూపించే సాతపడా వైపు వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఒక డాల్ఫిన్ వీపు తేలగానే నాలుగైదు పడవలు ఇంజన్ పెంచుకుని దాని మీదకు ఉరుకుతాయి. పంకా రెక్క తగిలి గాయాలవుతాయి. గాయం కాకపోయినా, తినే సమయం, పిల్లకు పాలిచ్చే సమయం పారిపోవడానికే పోతుంది. తప్పు పడవవాడిది ఒక్కడిదే కాదు. 'దగ్గరికి పోనివ్వు, ఇంకో వంద ఇస్తాను' అనేది మనమే. దూరంలో ఇంజన్ ఆపి కూర్చుంటే చాలాసార్లు అవే దగ్గరికొస్తాయి. రీల్స్ కోసం వెళ్ళేవాళ్ళకు ఆ ఓపిక ఉండదు.

నీళ్ళలో చప్పుడుకు కూడా చస్తాయా?

చస్తాయి. గాలిలో కంటే నీటిలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా, చాలా దూరం పోతుంది. చూపు పెద్దగా పనికిరాని నీళ్ళలో ఈ జంతువులకు చెవే ఆధారం. 2000 మార్చిలో బహామాస్ దీవుల్లో అమెరికా నేవీ సోనార్ (నీళ్ళలోకి శబ్దం పంపి వెతికే యంత్రం) విన్యాసాల తర్వాత పదిహేడు తిమింగలాలు, డాల్ఫిన్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. సోనారే కారణమని తర్వాత నేవీయే ఒప్పుకుంది.

ఇంకో ఉదాహరణ నాకు మరీ నచ్చుతుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్నాళ్ళు కెనడా ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గాయి. అక్కడి రైట్ తిమింగలాల పేడలో ఒత్తిడి హార్మోన్లు ఆ రోజుల్లో తగ్గినట్టు శాస్త్రవేత్తలు చూశారు. ఆ పేడను వాసన పట్టి చూపించింది పడవ ముందు నిలబెట్టిన కుక్కలు. తిమింగలాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా దాని టెన్షన్ ఎంతో కొలిచారు.

వలలో ప్రాణంతో పడితే ఏం చెయ్యాలి?

ముందు తల నీటిపైకి ఎత్తాలి. తల మీది రంధ్రంతోనే ఊపిరి తీసుకుంటుంది కాబట్టి అది గాలికి తగలాలి. వలను లాగకండి, కొయ్యండి. తోక దగ్గర, రెక్కల దగ్గర చుట్టుకున్న దారం మొత్తం తియ్యాలి. ముక్క మిగిలితే పెరిగేకొద్దీ కోసుకుపోతుంది. కొక్కెం గుచ్చడం, తోక పట్టి పడవ మీదకు లాగడం వద్దు, వెన్ను విరుగుతుంది. విడిచేముందు ఇంజన్ న్యూట్రల్‌లో ఉండాలి.

ఒడ్డుకు కొట్టుకొస్తే?

వెంటనే సముద్రంలోకి నెట్టెయ్యాలనిపిస్తుంది. చాలాసార్లు అది జబ్బుపడి వచ్చినదే, నెట్టినా మళ్ళీ వస్తుంది. పొట్ట కిందకు వచ్చేలా నిలిపి, రెక్కల కింద ఇసుకలో చిన్న గోతులు తీసి, తడిబట్ట కప్పి, నీడ చెయ్యండి. తల మీది రంధ్రంలో నీళ్ళు పొయ్యకండి. జాలిపడి బిందెలతో పోసేవాళ్ళు ఊపిరాడకుండా చేస్తారు. జనాన్ని దూరంగా ఉంచి ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చెయ్యండి. పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫొటోలు వద్దు. దాని ఊపిరి నుంచి, గాయాల నుంచి మనుషులకు జబ్బులు రావచ్చు.

చెప్తే కేసు పెడతారేమో?

డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వేటాడినా, అమ్మినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, జరిమానా. ఇదే చట్టంలో చచ్చిపోయిన అడవి జంతువు సర్కారు ఆస్తి అనీ, చేతికొచ్చిన 48 గంటల్లోగా దగ్గరి పోలీసులకో అధికారికో చెప్పాలనీ ఉంది. అంటే పొరపాటున పడినదాన్ని చెప్పడం కంటే దాచడం, కోసి పంచుకోవడం, నూనె తియ్యడం ఎక్కువ ప్రమాదం. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే గ్రామ పెద్దలను, సంఘం సెక్రటరీని వెంట తీసుకెళ్ళండి.

తిమింగలం వాంతి దొరికితే కోటీశ్వరులం అవుతామంటారు, నిజమేనా?

కోట్ల సంగతి తర్వాత, జైలు మాత్రం ఖాయం. వాంతి అని పిలిచే అంబర్‌గ్రిస్ స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థం. ఆ జంతువు మొదటి షెడ్యూల్‌లో ఉంది కాబట్టి మన దేశంలో అంబర్‌గ్రిస్ దగ్గర ఉంచుకోవడం, అమ్మడం నేరం. ఒడ్డున దొరికిందన్నా ఒప్పుకోరు. 48 గంటల రూలే దీనికీ.

వల కోసి వదిలేస్తే ఆ నష్టం ఎవరిస్తారు?

మహారాష్ట్రలో ఒక మంచి పద్ధతి పెట్టారు. అక్కడి మడ అడవుల విభాగం, మత్స్యశాఖ కలిసి 2018 చివర్లో మొదలుపెట్టాయి. రక్షిత జంతువును వదలడానికి వల కోసుకుంటే, ఫొటోనో వీడియోనో ఆధారంగా చూపిస్తే 25,000 రూపాయల దాకా పరిహారం. అప్పటి నుంచి కొంకణ్ తీరంలో జాలర్లు తాబేళ్ళు, వేల్ షార్కులు, డాల్ఫిన్లు వదిలి డబ్బు తీసుకున్నారు. నా దృష్టిలో వంద అవగాహన సదస్సుల కంటే ఇది మేలు. అక్కడ మహారాష్ట్రలో ఉన్నది ఇక్కడ ఒడిశాలో ఎందుకు ఉండకూడదని సంఘాలు గట్టిగా అడగాలి.

గంజాంలో ఋషికుల్య నది ముఖం దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం ఉంది. దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటికీ ఉన్న నిషేధం. ఈ నెలల్లో డాల్ఫిన్లకూ ఊరట దొరికే ఉంటుంది. కానీ అంతకాలం పొయ్యి ఎలా వెలగాలో తేల్చకుండా నిషేధాలు పెంచుకుంటూ పోతే దొంగవేట పెరుగుతుంది.

అమెరికా మన రొయ్యలు కొనదంటున్నారు, దానికీ డాల్ఫిన్‌కీ ఏమిటి సంబంధం?

తమ దేశానికి చేపలు అమ్మే దేశాలు కూడా సముద్ర క్షీరదాలను వలల్లో చావకుండా తమతో సమానంగా కాపాడాలని అమెరికా 2016లో రూల్ పెట్టింది. వాయిదాలు పడి పడి 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ జాతి ఎన్ని ఉన్నాయి, ఏ వలలో ఎన్ని చస్తున్నాయి అనే లెక్కలు చూపించాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన తీరమంతా సర్వేలు చేసిందీ ఇందుకే. చెరువుల్లో పెంచిన రొయ్యకు దీనితో పని లేదు. సముద్రంలో పట్టిన సరుక్కి ఉంది.

లెక్కలకని వచ్చే పరిశోధకులకు నిజం చెప్పొచ్చా?

ఇక్కడి నుంచే సైన్సు నీతి మొదలవుతుందని నేను అంటాను. జంతువు మీద ప్రయోగం చేస్తే అది న్యాయమో కాదో చూసే ఎథిక్స్ కమిటీ ఉంటుంది. మనిషిని 'నిరుడు మీ వలలో ఎన్ని డాల్ఫిన్లు చచ్చాయి' అని అడగడం కూడా ప్రయోగమే. నిజం చెబితే అతను జైలుకు పోవచ్చు. అందుకే పేరు, ఊరు, పడవ నంబరు రాసుకోకుండా అడగాలి. రాసుకుంటే ఎందుకో చెప్పాలి, వద్దంటే మానెయ్యాలి. ఈ మాట పరిశోధకుడు ముందుగా చెప్పకపోతే మీరే అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇంకోటి. తెలిసినది తిరిగి చెప్పడం. మన దగ్గర్నుంచి తీసుకున్న సమాచారం ఏ పత్రికలోనో ఇంగ్లీషులో అచ్చవుతుంది. దాని ఆధారంగా ఎప్పుడో కొత్త నిషేధం వస్తుంది. మధ్యలో ఊళ్ళోకొచ్చి, సంఘం అరుగు మీద కూర్చుని, 'మీరు చెప్పినదాన్ని బట్టి మాకు తెలిసింది ఇది' అని తెలుగులో చెప్పేవాళ్ళు ఎంతమంది? ఆ ఒక్క పని చేస్తే రెండోసారి వచ్చినప్పుడు జవాబులు వేరుగా ఉంటాయి.

డాల్ఫిన్లను పట్టుకుని, ట్యాగులు పెట్టి హింసించకుండా పరిశోధన చెయ్యలేరా?

చాలావరకు చెయ్యగలరు. 1970లలో కెనడాలో మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త ఓర్కాల (నలుపు తెలుపు రంగు పెద్ద డాల్ఫిన్ల) వీపు రెక్క ఫొటోలు తీసి, గాట్లను బట్టి ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టవచ్చని చూపించాడు. చిలికాలోనూ రెక్క మీది మచ్చలు, గాట్లు చూసే గుర్తిస్తారు. నీళ్ళలో మైకు పెట్టి వినడం, డ్రోన్‌తో పై నుంచి చూడడం ఇప్పుడు మామూలే.

కొన్ని ప్రశ్నలకు మాత్రం పట్టక తప్పదంటారు. 2024 డిసెంబరులో అస్సాంలో భారత వన్యప్రాణి సంస్థ వాళ్ళు ఒక గంగా డాల్ఫిన్‌కు ఉపగ్రహ ట్యాగు పెట్టి వదిలారు. ఆ జాతిలో అదే మొదటిసారి. అది ఎంత దూరం తిరుగుతుందో తెలియకుండా ఎక్కడి నీళ్ళు కాపాడాలో తేల్చలేమన్నది వాళ్ళ వాదన. చట్టం ప్రకారం పట్టుకోవడం కూడా వేటే. పరిశోధనకైనా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిషన్ ఉండాలి.

మంచి ఉద్దేశంతో చేసినదీ ప్రాణం తియ్యవచ్చు. మెక్సికోలో వకీటా అనే పోర్పస్ వలల్లో పడి పడి కొన్ని పదులకు చేరింది. 2017లో పెద్ద పెద్ద నిపుణులు వెళ్ళి, మిగిలినవాటిని పట్టి భద్రంగా పెంచుదామనుకున్నారు. మొదట దొరికిన పిల్ల ఒత్తిడికి లోనైతే వదిలేశారు. తర్వాత పట్టిన పెద్ద ఆడది చనిపోయింది. ఆ వెంటనే కార్యక్రమం ఆపేశారు. ఇప్పుడక్కడ పది అటూ ఇటుగా మిగిలాయి. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆపడం తెలిసింది, దాచకుండా చెప్పారు. అసలు జరగాల్సింది గిల్ వలలు ఆపడం, అది శాస్త్రవేత్తల చేతిలో లేదు.

నేను చూసేది ఒక్కటే. ఆ జంతువుకు పెట్టిన కష్టానికి ఫలితం దాని జాతికే తిరిగొస్తుందా, లేక పరిశోధకుడి ప్రమోషన్‌కు పోతుందా? ట్యాగు పెట్టాక ఆ సమాచారంతో ఒక్క వల దారి కూడా మారకపోతే ఆ ట్యాగు వృథా.

పాత రోజుల్లో డాల్ఫిన్ల మీద ఘోరమైన ప్రయోగాలు చేశారంటారు, నిజమేనా?

నిజమే. 1955లో ఫ్లోరిడాలో మెదడు పరిశోధకులు డాల్ఫిన్లకు మత్తు ఇచ్చారు. మనం నిద్రలో కూడా ఊపిరి తీస్తాం. డాల్ఫిన్ మాత్రం ప్రతి ఊపిరీ తెలిసి తీసుకుంటుంది. మత్తులో ఊపిరి ఆగింది. ఐదు డాల్ఫిన్లు చనిపోయాయి. ఆ బృందంలో ఉన్న జాన్ లిల్లీ 1960లలో డాల్ఫిన్లకు ఇంగ్లీషు నేర్పాలని చూశాడు, వాటికి భ్రమలు పుట్టించే ఎల్‌ఎస్‌డి మందు కూడా ఎక్కించాడు. దాని వల్ల తేలింది పెద్దగా లేదు.

1959లో ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు జంతు ప్రయోగాలకు మూడు నియమాలు చెప్పారు. వేరే మార్గం ఉంటే జంతువును వాడొద్దు. వాడితే వీలైనంత తక్కువ సంఖ్యలో వాడాలి. బాధ వీలైనంత తగ్గించాలి. ఇవాళ్టి ఎథిక్స్ కమిటీలన్నీ వీటి మీదే నడుస్తాయి. నాలుగోది కూడా ఉండాలని నా అభిప్రాయం: అసలు ఆ ప్రశ్న అడగాల్సినదేనా?

జపాన్ వాళ్ళు సైన్సు పేరుతో తిమింగలాలను చంపారు కదా?

వ్యాపారం కోసం తిమింగలాలను వేటాడడం మీద అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ నిషేధం 1986 నుంచి ఉంది. ఒప్పందంలో పరిశోధనకు వెసులుబాటు ఉంది. ఆ సందులోంచి జపాన్ అంటార్కిటికాకు ఓడలు పంపింది, మాంసం మార్కెట్లో అమ్మింది. ఆస్ట్రేలియా కేసు వేసింది. 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ కార్యక్రమం పరిశోధన కోసం చేసినదిగా ఒప్పుకోలేమని తీర్పిచ్చింది. దాదాపు 3,600 మింకీ తిమింగలాలు చంపితే సైన్సుగా బయటికొచ్చింది చాలా కొంచెం. 2019లో జపాన్ ఆ కమిషన్ నుంచే తప్పుకుని, సొంత నీళ్ళలో నేరుగా వ్యాపార వేట మొదలుపెట్టింది. ఆ వేటను సమర్థించను గానీ, సైన్సు ముసుగు తీసేసినందుకు కనీసం అబద్ధం తగ్గింది.

మన దేశంలో డాల్ఫిన్ షోలు ఎందుకు లేవు?

1990ల చివర్లో చెన్నై దగ్గర ఒక పార్కుకు విదేశాల నుంచి డాల్ఫిన్లు తెచ్చారు. కొన్ని నెలల్లోనే చనిపోయాయి. 2013 మేలో కేంద్ర పర్యావరణ శాఖ, ఇలాంటి పార్కులకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. డాల్ఫిన్లకు ఉన్న తెలివి, స్పృహ దృష్ట్యా వాటిని మనుషులు కాని వ్యక్తులుగా చూడాలనే అభిప్రాయం కూడా అందులో ప్రస్తావించారు.

ఈ తెలివి మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2001లో న్యూయార్క్ అక్వేరియంలో డయానా రైస్, లోరీ మరీనో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డాల్ఫిన్ల ఒంటి మీద గుర్తులు పెట్టి అద్దం చూపించారు. అవి అద్దంలో ఆ గుర్తు చూసుకున్నాయి. ఫలితం చూశాక మరీనో, ఇంత తెలిసిన జంతువును తొట్టెలో ఉంచడం సరికాదని బందీ డాల్ఫిన్లతో పరిశోధన మానేశారు. రైస్ మాత్రం కొనసాగించారు. ఒకే ప్రయోగం నుంచి ఇద్దరూ రెండు దారుల్లో వెళ్ళారు.

నాకు మరీనో దారే నచ్చుతుంది. ఒక చిక్కుంది మాత్రం. తెలివి ఉంది కాబట్టి కాపాడాలంటే, అద్దం చూసుకోలేని తాబేలును ఏం చేద్దాం? ఋషికుల్య ఇసుకలో గుడ్లు పెట్టే తల్లికి నొప్పి తెలుసు. నాకు అది చాలు.

చచ్చిన జంతువును కోసి చూడడం కూడా తప్పేనా?

కానే కాదు, ఇంతకంటే మంచి పరిశోధన లేదు. పంటిని కోస్తే చెట్టు మానులో లాగే పొరలు ఉంటాయి, వయసు తెలుస్తుంది. పొట్టలో ఏం తిన్నదో, ఊపిరితిత్తుల్లో మునిగి చచ్చిన గుర్తులున్నాయో, చర్మం కింద వల గాట్లున్నాయో కనిపిస్తాయి. పెద్ద తిమింగలాల చెవి గుబిలిలో ఒత్తిడి హార్మోన్లు ఏడాదికి ఏడాది పొరలుగా నిలిచి ఉంటాయి. వేట ముమ్మరంగా సాగిన 1960లలో అవి ఎంత పెరిగాయో అందులో చదివారు. అందుకే శవాన్ని పసుపు, కుంకుమ చల్లి వెంటనే ఇసుకలో పూడ్చెయ్యడం కంటే, కాసేపు ఆగి వెటర్నరీ వాళ్ళను రానివ్వడం మంచిది. పూజ వద్దనడం లేదు. వాళ్ళు కొలతలు తీసుకున్నాక చేసుకోవచ్చు.

మా పిల్ల ఈ చదువు చదవాలంటోంది. ఎక్కడికి పంపాలి?

దూరం పోనక్కర్లేదు. బరంపురం విశ్వవిద్యాలయంలో మెరైన్ సైన్సెస్ విభాగం ఉంది, రంగైలుండాలో ఫిషరీస్ కాలేజీ ఉంది. తర్వాత డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ చెయ్యవచ్చు. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. ఇంటర్‌లో బయాలజీ తీసుకోవాలి, లెక్కలు వదలకూడదు, ఎందుకంటే ఈ రంగంలో సగం పని గణాంకాలదే. ఈత, పడవ, నీళ్ళ రంగు చూసి చేప చెప్పడం ఇంట్లో నేర్చుకున్న పిల్లకు మిగతావాళ్ళ కంటే ముందు నుంచే ఒక మెట్టు ఎక్కువ. ఫీజు విషయంలో మత్స్యకార కుటుంబాలకు వచ్చే స్కాలర్‌షిప్‌ల గురించి జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. కులం సర్టిఫికెట్ ముందే తీసి ఉంచుకోండి, అడ్మిషన్ల టైమ్‌లో తిరగడం కష్టం.